స్లీప్ 15 ఎవరి కోసం?

కొన్నేళ్లుగా నడుస్తున్న సర్వర్ ఏదైనా సరే, అందులో బూట్ అయ్యేటప్పుడు నడిచే ఆదేశాలుండే ఆర్‌సీ.లోకల్ ఫైలు తెరిచి చూడండి. నలుగురి చేతులు పడిన ఫైలైతే ఎక్కడో ఒకచోట ‘స్లీప్ 15’, అంటే పదిహేను సెకన్లు ఆగమనే వరుస దొరుకుతుంది. పక్కన వ్యాఖ్య ఉండదు. ఒకవేళ ఉంటే ‘దీన్ని తీయకండి’ అని ఉంటుంది, ఎందుకు తీయకూడదో ఉండదు.

ఆ పదిహేను సెకన్లూ ఎవరో దేనికోసమో ఎదురుచూశారు. నెట్‌వర్క్ కార్డుకు అడ్రస్ రావాలని కావచ్చు, డేటాబేస్ పలకాలని కావచ్చు, బయటి డిస్కు మౌంట్ కావాలని కావచ్చు. ఎంతసేపో రాశారు, దేనికోసమో రాయలేదు. వేగమైన మెషీన్‌లో ఆ పదిహేను సెకన్లు వృథా. నెమ్మదైన మెషీన్‌లోనో, డిస్కు తనిఖీ నడిచిన రోజునో అవి చాలవు. చాలని రోజు ఏది తెగుతుందో చెప్పడానికి ఆ ఫైల్లో ఏ ఆధారమూ మిగలలేదు.

స్టార్టప్ స్క్రిప్టులు సర్దడం అనగానే చాలామంది బూట్ సమయం గురించి మాట్లాడతారు. నలభై సెకన్లను పన్నెండుకు దించామని స్క్రీన్‌షాట్లు పెడతారు. నెలకోసారి కూడా రీబూట్ కాని సర్వర్‌కు ఆ ఇరవై ఎనిమిది సెకన్లతో ఒరిగేదేమీ లేదు. నా దృష్టిలో సర్దడమంటే ఏది దేని మీద ఆధారపడి ఉందో మెషీన్‌కు అర్థమయ్యే మాటల్లో రాసిపెట్టడం. ఆ పని సరిగ్గా జరిగితే వేగం దానంతటదే వస్తుంది, రాకపోయినా నష్టం లేదు. ఆ పని చేయకుండా వరుసలు తీసేస్తూ పోతే మాత్రం గుడ్డెద్దు చేలో పడ్డట్టే.

అంకెలు చెప్పేది, చెప్పనిది

1979 నాటి ఏడో ఎడిషన్ యూనిక్స్‌లో /ఈటీసీ/ఆర్‌సీ ఒక చిన్న షెల్ స్క్రిప్టు. పైనుంచి కిందికి నడిచి ఆగిపోయేది. దాన్ని వెక్కిరించేవాళ్లున్నారు గానీ, ఒక సుగుణం ఉంది: వరుసక్రమం కళ్లముందు కనబడుతుంది. కొత్త సాఫ్ట్‌వేర్ వేసినప్పుడల్లా ఆ ఒక్క ఫైలునే కెలకాల్సి రావడం దాని లోపం. సిస్టమ్ ఫైవ్ దాన్ని ముక్కలు చేసింది. ఇనిట్.డీలో ఒక్కో సర్వీసుకు ఒక్కో స్క్రిప్టు, రన్‌లెవెల్‌కో (మెషీన్ నడిచే ఒక్కో స్థితికో) డైరెక్టరీ, అందులో లేపడానికి ఎస్‌తోనూ ఆపడానికి కేతోనూ మొదలయ్యే లింకులు, మధ్యలో రెండంకెల సంఖ్య. ప్యాకేజీలు తమ ముక్క తాము తెచ్చుకుని పెట్టుకోగలిగాయి.

ఆ సంఖ్య వరుసను చెబుతుంది, కారణాన్ని చెప్పదు. ఎస్19 ముందు, ఎస్20 తరువాత. ఎందుకు? రాసినవాడికి తెలుసు, అతను వెళ్లిపోయాడు. పైగా డెబియన్ లినక్స్‌లో ఆ లింకులు పెట్టే అప్‌డేట్-ఆర్‌సీ.డీకి ‘డిఫాల్ట్స్’ అని చెబితే 20 ఇచ్చేది. దాంతో డజన్ల కొద్దీ సర్వీసులు ఎస్20 దగ్గరే పోగుపడేవి. వాటి మధ్య వరుసను తేల్చేది అక్షరక్రమం. అంటే డేటాబేస్ ముందు లేస్తుందా, దాన్ని వాడే ప్రోగ్రాం ముందు లేస్తుందా అన్నది వాటికి పెట్టిన పేర్లలో మొదటి అక్షరం మీద ఆధారపడింది. ‘స్లీప్ 15’ లాంటివి పుట్టింది సరిగ్గా ఇలాంటి చోటే.

2000 డిసెంబరులో వచ్చిన యూనిక్స్ వంశపు నెట్‌బీఎస్‌డీ 1.5 అంకెల్ని వదిలేసింది. ప్రతి స్క్రిప్టు తలలో వ్యాఖ్యల రూపంలో ‘ప్రొవైడ్’, ‘రిక్వైర్’, ‘బిఫోర్’ అని రాస్తారు. ఆర్‌సీఆర్డర్ అనే చిన్న ప్రోగ్రాం వాటిని చదివి వరుసను లెక్కకట్టి ఇస్తుంది. ఫ్రీబీఎస్‌డీ 2003లో 5.0తో అదే పద్ధతిలోకి వచ్చింది. డెబియన్ తన స్క్రిప్టుల తలల్లో ఇలాంటి సమాచారమే చేర్చి, 2011లో వచ్చిన ఆరో విడుదలలో డిపెండెన్సీల ప్రకారం బూట్ కావడాన్ని డిఫాల్ట్ చేసింది. అప్పటికే లినక్స్‌లో సర్వీసులను లేపి ఆపే సిస్టమ్‌డీ వచ్చేసింది, ఆ సంగతి వేరు.

ఓపెన్‌బీఎస్‌డీ మాత్రం 2011లో 4.9తో ఆర్‌సీ.డీ స్క్రిప్టులు తెచ్చుకుంది గానీ ఆర్‌సీఆర్డర్‌ను తీసుకోలేదు. బేస్ సర్వీసుల వరుస /ఈటీసీ/ఆర్‌సీలో చేత్తో రాసి ఉంటుంది. ప్యాకేజీల నుంచి వచ్చినవాటి వరుసను ‘పీకేజీ_స్క్రిప్ట్స్’ అనే ఒక్క వరుసలో మీరే రాసుకోవాలి. ఆపేటప్పుడు దాన్నే తిరగేసి చదువుతుంది. నా వాదనకు ఇది ఎదురు సాక్ష్యంలా కనిపించవచ్చు. కాదు. అయిదారు సర్వీసులున్న మెషీన్‌లో ఒక్క చూపుకు ఆనే వరుసే అన్నిటికన్నా స్పష్టమైన పత్రం. యాభై సర్వీసులు చేరి, అందులో సగం ప్యాకేజీలు తెచ్చిపెట్టినవైనప్పుడు మనిషి తలలో ఆ వరుస నిలవదు. అప్పుడు కారణాలు రాసి, వరుస లెక్కను మెషీన్‌కు వదిలేయాలి.

ముందు లెక్క తీయాలి

ఏదీ తీయకముందు, ఏదీ మార్చకముందు, బూట్‌లో ఏమేం లేస్తున్నాయో ఒక ఫైల్లోకి తీసుకోండి. ఫ్రీబీఎస్‌డీలో ‘సర్వీస్ -ఈ’ కొడితే ఆన్‌లో ఉన్నవన్నీ లేచే వరుసలోనే వస్తాయి. ఓపెన్‌బీఎస్‌డీలో ‘ఆర్‌సీసీటీఎల్ ఎల్ఎస్ ఆన్’. ఓపెన్‌ఆర్‌సీ వాడే చోట ‘ఆర్‌సీ-అప్‌డేట్ షో’. సిస్టమ్‌డీలో ‘సిస్టమ్‌సీటీఎల్ లిస్ట్-యూనిట్-ఫైల్స్’కు ‘ఎనేబుల్డ్’ అన్న వడపోత పెట్టాలి.

ఇదంతా హాలు మాత్రమే. అటక మీదున్నది ఇందులో రాదు. వేళకు పనులు నడిపే క్రాన్ చదివే క్రాన్‌టాబ్‌లో ‘@రీబూట్’ వరుసలు ఉంటాయి, అవి కూడా స్టార్టప్ స్క్రిప్టులే. ఒక్కో యూజర్ క్రాన్‌టాబ్‌నూ విడివిడిగా చూడాలి. పాత ఇనిట్ (బూట్‌లో మొదట లేచి మిగతావాటిని లేపే ప్రాసెస్) ఉన్నచోట ఇనిట్‌టాబ్‌లో ‘రీస్పాన్’ వరుసలు. కనెక్షన్ వచ్చినప్పుడు సర్వీసును లేపే ఐనెట్‌డీ ఆకృతీకరణ ఫైలు. సిస్టమ్‌డీలో టైమర్లు, సాకెట్లు, లింగర్ (లాగిన్ లేకున్నా నడవనివ్వడం) ఆన్ చేసిన యూజర్ల సొంత యూనిట్లు (సిస్టమ్‌డీ చూసుకునే ఒక్కో అంశం ఒక్కో యూనిట్), ఇనిట్.డీ స్క్రిప్టుల నుంచి జనరేటర్ అప్పటికప్పుడు పుట్టించేవి. డివైస్ తగిలించినప్పుడు నడిచే యూడెవ్ నియమాలు. వీటిలో ‘@రీబూట్’ మహా మోసకారి. అది క్రాన్ లేచినప్పుడు నడుస్తుంది, మీకు కావలసింది లేచినప్పుడు కాదు. కొన్ని వ్యవస్థల్లో క్రాన్‌ను రీస్టార్ట్ చేసినా మళ్లీ నడుస్తుంది.

బ్యాకప్ కాపీలు కూడా లెక్కలోకి వస్తాయి. ఎడిట్ చేసేముందు స్క్రిప్టును అదే డైరెక్టరీలో కాపీ చేసిపెట్టడం అందరికీ ఉన్న అలవాటే. ఫ్రీబీఎస్‌డీ ఆర్‌సీ వ్యవస్థ ‘.బాక్’, ‘.ఆరిజ్’, పెద్ద అక్షరాల ‘.ఓఎల్‌డీ’, చివర టిల్డ గుర్తు ఉన్న ఫైళ్లను గుర్తుపట్టి వదిలేస్తుంది. అదే చిన్న అక్షరాల్లో ‘.ఓల్డ్’ అని పెడితే వదలదు. నడిపే అనుమతి బిట్ ఉంటే అది కూడా ఒక స్క్రిప్టే, బూట్‌లో దానికీ వంతు వస్తుంది. కొత్త స్క్రిప్టులో మార్చింది పని చేయడం లేదని గంటలు గంటలు తల పట్టుకునేవాళ్లకు కారణం చాలాసార్లు పక్కనే పడున్న పాత కాపీ. సిస్టమ్ ఫైవ్ పద్ధతిలో ఇనిట్.డీలో కాపీ ఉంటే ప్రమాదం లేదు. ఆర్‌సీ2.డీలో ఎస్20తో మొదలయ్యే పేరుతో ఉంటే, చివర ‘.బాక్’ ఉన్నా సరే, నడుస్తుంది. కాపీలు కావాలంటే ఆ డైరెక్టరీకి బయట ఉంచండి. /ఈటీసీ మొత్తాన్ని గిట్‌లో పెడితే ఇంకా మంచిది.

లెక్క తీశాక ఒక్కోదాన్నీ మూడు ప్రశ్నలడగాలి. దీన్ని ఎవరు వాడుతున్నారు? ఇది లేవడానికి ముందు ఏది సిద్ధంగా ఉండాలి? ఇది ఎలా ఆగుతుంది? మొదటిదానికి జవాబు లేకపోతే ఆపేయండి. ఎక్కువమంది అక్కడితో ఆగిపోతారు. అసలు సరుకంతా మిగతా రెండింటిలోనే ఉంది.

ఆపేయడంలోనూ కిటుకులున్నాయి. పాత డెబియన్ పద్ధతిలో లింకులన్నీ ‘రిమూవ్’తో తుడిచేస్తే, తర్వాతి ప్యాకేజీ అప్‌గ్రేడ్ వాటిని కొత్త ఇన్‌స్టాల్ అనుకుని మళ్లీ పెట్టేస్తుంది. ‘డిసేబుల్’ అయితే కే లింకు మిగిలి, ‘ఇది కావాలని ఆపినది’ అన్న గుర్తు ఉంటుంది. సిస్టమ్‌డీలో ‘డిసేబుల్’ అంటే బూట్‌లో తనంతట తాను లేవదని మాత్రమే అర్థం. మరో యూనిట్ దాన్ని కోరినా, దాని సాకెట్‌కు ఎవరైనా కనెక్ట్ అయినా లేచి కూర్చుంటుంది. ఏ దారిలోనూ లేవకూడదంటే ‘మాస్క్’ చేయాలి. అది యూనిట్ పేరును /డెవ్/నల్‌కు లింకు చేస్తుంది. ఫ్రీబీఎస్‌డీలో సర్వీసులను ఆన్ చేసే ఆర్‌సీ.కాన్ఫ్ ఫైల్లోని వరుసను చెరిపేయడం కన్నా ‘నో’ అని రాసి వదిలేయడం మేలు, రేపు చూసేవాడికి అది ఒక నిర్ణయమని తెలుస్తుంది.

ముందు అంటే చాలదు

స్లీప్‌ను తీసి డిపెండెన్సీ రాయాలంటే ఒక తేడా గట్టిగా పట్టుకోవాలి. వరుస వేరు, అవసరం వేరు, సిద్ధంగా ఉండడం వేరు. ఈ మూడూ కలిపేయడం వల్లనే డిపెండెన్సీలు రాసినా పని చేయలేదని స్లీప్‌కు తిరిగి వెళతారు.

సిస్టమ్‌డీలో ‘ఆఫ్టర్’ వరుసను మాత్రమే చెబుతుంది. ఇద్దరూ లేస్తుంటే ఎవరు ముందో అంతే. అవతలిది అసలు లేవకపోతే ‘ఆఫ్టర్’కు పట్టదు. ‘వాంట్స్’, ‘రిక్వైర్స్’ అవతలిదాన్ని లాక్కొస్తాయి గానీ వరుస చెప్పవు. ‘రిక్వైర్స్’ ఒక్కటే రాసి ‘ఆఫ్టర్’ మరిచిపోతే రెండూ ఒకేసారి మొదలవుతాయి. పది బూట్లలో తొమ్మిదిసార్లు పని చేసి పదోసారి తెగేది ఇదే. కాబట్టి దాదాపు ఎప్పుడూ జంటగానే రాయాలి. ఫ్రీబీఎస్‌డీలో పేరే మోసం చేస్తుంది. అక్కడి ‘రిక్వైర్’ నిజానికి వరుస మాత్రమే. ఆర్‌సీ.కాన్ఫ్‌లో ఆన్ చేయని సర్వీసును ‘రిక్వైర్’ అని రాసినంత మాత్రాన అది లేవదు.

ఇక సిద్ధంగా ఉండడం. డేటాబేస్ ప్రాసెస్ పుట్టడం ఒకటి, అది లాగ్ రికవరీ ముగించుకుని కనెక్షన్లు తీసుకోవడం ఇంకొకటి. సిస్టమ్‌డీలో ‘టైప్ సింపుల్’ అని రాస్తే ప్రాసెస్ పుట్టగానే సర్వీస్ లేచినట్టు లెక్క. వెనుక ‘ఆఫ్టర్’ పెట్టుకుని కూర్చున్నది వెంటనే దూకుతుంది. ‘టైప్ నోటిఫై’ అయితే ప్రోగ్రాం తనంతట తాను ‘నేను రెడీ’ అని కబురు పంపేదాకా ఆగుతుంది. ప్రోగ్రాంకు ఆ సౌకర్యం ఉంటే వాడకపోవడానికి కారణమే లేదు.

‘టైప్ ఫోర్కింగ్’ దగ్గర రెండు వైపులా గుంతలే. ప్రోగ్రాం ముందుభాగంలోనే నడిచేదైతే, తల్లి ప్రాసెస్ ఎప్పుడు వెళ్లిపోతుందా అని సిస్టమ్‌డీ చూస్తూ చూస్తూ డిఫాల్ట్ గడువు 90 సెకన్లు గడిచాక దాన్ని చంపేస్తుంది. లాగ్‌లో ప్రోగ్రాం బాగానే లేచినట్టుంటుంది, సరిగ్గా నిమిషంన్నరకు పోతుంది. దీనికి తలకిందులుగా, తనంతట తాను వెనక్కి వెళ్లే ప్రోగ్రాంకు ‘సింపుల్’ రాస్తే, తల్లి వెళ్లిపోగానే సర్వీస్ ముగిసిందనుకుని మిగిలిన పిల్లల్ని కూడా ఊడ్చేస్తుంది. లేచిన క్షణంలోనే పోతుంది. ఈ రెండు లక్షణాలూ గుర్తుంటే సగం గొడవలు లాగ్ చదవగానే తేలిపోతాయి.

కబురు పంపని పాత ప్రోగ్రాంల సంగతి? అడుగుతూ ఉండాలి, గుడ్డిగా నిద్రపోకూడదు. పోస్ట్‌గ్రెస్ కోసమైతే ‘పీజీ_ఈజ్‌రెడీ’ని సెకనుకోసారి, గరిష్ఠంగా ముప్పైసార్లు అడిగే లూపు రాయండి. ముప్పై దాటితే తప్పు కోడ్‌తో బయటికి రండి, లాగ్‌లో ‘డేటాబేస్ పలకలేదు’ అని ఒక వరుస వదలండి. ఈ లూపులోనూ స్లీప్ ఉంది కదా అనవచ్చు. ఉంది, దేనికోసమో పక్కనే రాసి ఉంది. పరిమితి లేని లూపు మాత్రం స్లీప్ కన్నా చెడ్డది, ఎందుకంటే బూట్ మొత్తాన్ని అక్కడే నిలబెడుతుంది.

ఆ మాటకొస్తే డేటాబేస్ మధ్యాహ్నం పూట రీస్టార్ట్ అయినా తట్టుకునేలా ప్రోగ్రామే మళ్లీ మళ్లీ ప్రయత్నించాలి. అప్పుడు బూట్ వరుస గురించి ఇంత తర్జనభర్జన అక్కర్లేదు. కానీ ఆ కోడ్ చాలాసార్లు మన చేతిలో ఉండదు.

నెట్‌వర్క్ సంగతి ఇంకా తిరకాసు. సిస్టమ్‌డీలో ‘నెట్‌వర్క్.టార్గెట్’ అంటే నెట్‌వర్క్ వచ్చేసిందని కాదు, దాన్ని నడిపేది లేచిందని. అడ్రస్ కూడా వచ్చాకే అనుకుంటే ‘నెట్‌వర్క్-ఆన్‌లైన్.టార్గెట్’ కావాలి, దానికి ‘వాంట్స్’, ‘ఆఫ్టర్’ రెండూ రాయాలి. దాని వెనుక ఎదురుచూసే సర్వీస్ ఆన్‌లో లేకపోతే అదీ ఖాళీ మాటే. ఇక్కడ అందరికీ తగిలే దెబ్బ ఒకటుంది. రెండు నెట్‌వర్క్ పోర్టులున్న మెషీన్‌లో ఒకదానికి కేబుల్ లేదు, కానీ రెంటికీ ఆకృతీకరణ ఉంది. సిస్టమ్‌డీ-నెట్‌వర్క్‌డీ ఆ రెండో పోర్టు కోసం డిఫాల్ట్‌గా 120 సెకన్లు ఎదురుచూస్తుంది. ఆ పోర్టు ఫైల్లో ‘రిక్వైర్డ్‌ఫర్‌ఆన్‌లైన్’కు ‘నో’ అని రాస్తే సరిపోతుంది. ఎదురుచూసే సర్వీసునే తీసేయడం తప్పు వైద్యం. ఫ్రీబీఎస్‌డీలో ఆ కార్డు వరుసలో ‘డీహెచ్‌సీపీ’కి బదులు ‘సింక్‌డీహెచ్‌సీపీ’ అని రాస్తే అడ్రస్ వచ్చాకే ముందుకు కదులుతుంది. అడ్రస్ వచ్చినా అవతలి వైపు పలకదనుకుంటే ‘నెట్‌వెయిట్’ ఆన్ చేసి ఒక ఐపీ ఇవ్వండి, అది పింగ్ చేసి చూస్తుంది.

మౌంట్ల విషయంలో స్లీప్ తీసుకొచ్చే నష్టం అన్నిటికన్నా ఘోరం. /డేటా అనే డిస్కు మౌంట్ కాకముందే సర్వీస్ లేచిందనుకోండి. ఖాళీ /డేటా డైరెక్టరీ ఉండనే ఉంది, అందులో నిక్షేపంగా రాసేస్తుంది. కాసేపటికి డిస్కు దాని మీద మౌంట్ అవుతుంది. రాసిన ఫైళ్లు కనబడవు, రూట్ డిస్కు మాత్రం నిండుతూ ఉంటుంది, ఫైళ్లను కూడే డీయూ లెక్కకూ డిస్కు ఎంత నిండిందో చెప్పే డీఎఫ్ లెక్కకూ పొంతన కుదరదు. సిస్టమ్‌డీ యూనిట్‌లో ‘రిక్వైర్స్‌మౌంట్స్‌ఫర్’ అని రాసి /డేటా దారి ఇస్తే ఆ బాధ లేదు. ఎక్కడైనా పనికొచ్చే చవక ఉపాయం ఇంకోటి: మౌంట్ చేయకముందు ఆ ఖాళీ డైరెక్టరీని ఆ సర్వీస్ యూజర్ రాయలేని అనుమతుల్లో ఉంచండి. డిస్కు రాకపోతే సర్వీస్ వెంటనే, గట్టిగా పడిపోతుంది. అదే మనకు కావలసింది.

ఆర్‌సీ.లోకల్‌ను ఖాళీ చేయడం

ఈ ఫైల్లో ఏమీ ఉండకూడదని నేను అనను. ఒకసారి నడిచి ముగిసిపోయే చిన్న పనికి, ఉదాహరణకు ఒక హార్డ్‌వేర్ మీట నొక్కడానికి, అది చక్కటి చోటే. డీమన్లకు, అంటే వెనుక ఎప్పుడూ నడుస్తూ ఉండే ప్రోగ్రాంలకు, మాత్రం కాదు.

డెబియన్, ఉబుంటు ఇచ్చిన పాత నమూనా ఫైలు మొదటి వరుసలో షెల్ పేరు పక్కన ‘-ఈ’ ఉండేది, చివర ‘ఎగ్జిట్ 0’ ఉండేది. ‘-ఈ’ వల్ల ఏ ఒక్క ఆదేశం విఫలమైనా దాని కిందున్నవేవీ నడవవు. ఇక కొత్త వరుసను ఫైలు చివర అతికించినవాళ్ల సంగతి: ‘ఎగ్జిట్ 0’ కింద పడిన వరుస ఎప్పటికీ నడవదు, ఫిర్యాదూ చేయదు. మొదటి వరుసలో షెల్ పేరే లేకపోతే సిస్టమ్‌డీ దాన్ని నడపలేనంటుంది. పాత ఇనిట్ దాన్ని షెల్‌తోనే చదివించేది కాబట్టి అక్కడ పని చేసి ఇక్కడికి రాగానే ఆగిపోతుంది. అనుమతి బిట్ లేకపోతే అసలు పట్టించుకోదు.

వెనక్కి వెళ్లని ప్రోగ్రాంను చివర ఆంపర్‌శాండ్ లేకుండా ఇందులో పెడితే వచ్చే చిక్కు మరింత తమాషాగా ఉంటుంది. సిస్టమ్‌డీలో ఆర్‌సీ-లోకల్ సర్వీసుకు గడువు లేదు. కన్సోల్ మీద లాగిన్ ఇచ్చే గెట్టీ దాని తరువాతే లేవాలని రాసి ఉంటుంది. ఫలితంగా మెషీన్ నడుస్తుంది, ఎస్‌ఎస్‌హెచ్ పలుకుతుంది, కన్సోల్ ముందు కూర్చున్నవాడికి మాత్రం లాగిన్ రాదు.

ఇందులోంచి డీమన్లను బయటికి తీసి సొంత స్క్రిప్టు రాయడం పెద్ద పని కాదు. ఫ్రీబీఎస్‌డీలో ఆర్‌సీ.సబ్‌ఆర్‌ను కలుపుకుని, పేరు, ఆర్‌సీవార్, కమాండ్, పిడ్‌ఫైల్ (ప్రాసెస్ నంబరు రాసిపెట్టే ఫైలు) ఇచ్చి, ‘లోడ్_ఆర్‌సీ_కాన్ఫిగ్’, ‘రన్_ఆర్‌సీ_కమాండ్’ పిలిస్తే పదిహేను వరుసలు దాటదు. స్టార్ట్, స్టాప్, స్టేటస్ వాటంతటవే వస్తాయి. వాటిని చేత్తో మళ్లీ రాసేవాళ్లను చూస్తే జాలేస్తుంది.

ఇక్కడ కాలు జారేచోట్లు రెండు. పైథాన్ లాంటి భాషలో రాసిన ప్రోగ్రాం అయితే ప్రాసెస్ పట్టికలో కనిపించేది ఇంటర్‌ప్రెటర్ పేరు. ‘కమాండ్_ఇంటర్‌ప్రెటర్’ చెప్పకపోతే, అది బ్రహ్మాండంగా నడుస్తున్నా స్టేటస్ ‘నడవడం లేదు’ అంటుంది, స్టాప్ ఏమీ చేయదు. రెండోది ‘డీమన్’ అనే పనిముట్టుతో, పడిపోతే మళ్లీ లేపమని ‘-ఆర్’ ఇచ్చి నడిపేటప్పుడు. పిడ్‌ఫైల్‌ను చిన్న ‘-పీ’తో ఇస్తే అందులో పిల్ల ప్రాసెస్ నంబరు పడుతుంది. స్టాప్ కొడితే పిల్ల చస్తుంది, డీమన్ దాన్ని శ్రద్ధగా మళ్లీ లేపుతుంది. పెద్ద ‘-పీ’ ఇస్తే కాపలాదారు నంబరే పడుతుంది, ఆపితే ఆగుతుంది.

సిస్టమ్‌డీలో యూనిట్ ఫైలు ఇంకా చిన్నది. ప్యాకేజీ తెచ్చిన యూనిట్‌ను మార్చాలంటే /యూఎస్ఆర్ కిందున్న అసలు ఫైల్లో చేయి పెట్టకండి, అప్‌గ్రేడ్ దాన్ని తుడిచేస్తుంది. మొత్తం ఫైలును /ఈటీసీలోకి కాపీ చేయడమూ సరికాదు. అది ఆ రోజుటి రూపంలోనే గడ్డకట్టి, ప్యాకేజీలో తర్వాత వచ్చే దిద్దుబాట్లను అడ్డుకుంటుంది. ‘సిస్టమ్‌సీటీఎల్ ఎడిట్’ తెరిచే డ్రాప్-ఇన్ అనే చిన్న చేర్పు ఫైల్లో మార్చిన వరుసలు మాత్రం రాయండి. ‘ఎగ్జెక్‌స్టార్ట్’ మార్చేటప్పుడు ముందొక ఖాళీ ‘ఎగ్జెక్‌స్టార్ట్=’ రాయాలి. లేకపోతే పాతది పోదు, రెండున్నాయని యూనిట్ లోడ్ కావడానికే నిరాకరిస్తుంది. ఎక్కడెక్కడ ఏం మార్చి ఉందో ‘సిస్టమ్‌డీ-డెల్టా’ చూపిస్తుంది. వారసత్వంగా వచ్చిన మెషీన్‌లో మొదట కొట్టాల్సిన ఆదేశం అదే.

చేత్తో నడిస్తే నడిచినట్టు కాదు

‘నేను నడిపితే బాగానే ఉంది, బూట్‌లోనే రావడం లేదు.’ ఈ ఫిర్యాదు వెనుక దాదాపు ఎప్పుడూ పర్యావరణమే ఉంటుంది. మీ షెల్‌లో పాత్ (ఆదేశాలను వెతికే డైరెక్టరీల జాబితా) పొడవుగా ఉంటుంది, హోమ్ ఉంటుంది, భాష అమరికలుంటాయి. ఆర్‌సీ స్క్రిప్టులతో నడిచే బూట్‌లో పాత్ అంటే చాలాచోట్ల ఎస్‌బిన్, బిన్, వాటి /యూఎస్ఆర్ జతలు, అంతే. ఫ్రీబీఎస్‌డీ /ఈటీసీ/ఆర్‌సీ పెట్టుకునే పాత్‌లో /యూఎస్ఆర్/లోకల్ ఉండదు. కాబట్టి స్క్రిప్టులో ఆదేశాలకు పూర్తి దారి రాయండి. పరీక్షించేటప్పుడు స్క్రిప్టును నేరుగా పిలవకుండా ‘సర్వీస్’ ఆదేశం ద్వారా పిలవండి. అది మీ షెల్ పర్యావరణాన్ని కడిగేసి బూట్‌కు దగ్గరగా ఉండే దాన్ని ఇస్తుంది.

షెల్ తేడాలు కూడా ఇందులో భాగమే. 2006లో ఉబుంటు 6.10, ఆ తర్వాత డెబియన్ ఆరో విడుదల, /బిన్/ఎస్‌హెచ్‌ను బ్యాష్ నుంచి డ్యాష్‌కు మార్చాయి. బూట్ వేగం కోసమే ఆ మార్పు. జంట చదరపు బ్రాకెట్లు, అర్రేలు వాడిన స్క్రిప్టులు అరుస్తూ పడిపోయాయి, అవి నయం. ఆంపర్‌శాండ్, గ్రేటర్-దన్ గుర్తులు పక్కపక్కన పెట్టి అవుట్‌పుట్‌నూ ఎర్రర్‌నూ ఒకే ఫైలుకు పంపే బ్యాష్ పద్ధతి మాత్రం అరవదు. డ్యాష్ దాన్ని రెండు ముక్కలుగా చదువుతుంది: ఆదేశాన్ని వెనక్కి పంపు, ఆపైన ఆ ఫైలును ఖాళీ చెయ్యి. తప్పు కోడ్ రాదు, లాగ్ ఖాళీగా ఉంటుంది, తరువాతి వరుస ముందే నడిచేస్తుంది. ‘ఎస్‌హెచ్ -ఎన్’ వాక్యనిర్మాణ దోషాలను పట్టుకుంటుంది గానీ దీన్ని పట్టుకోలేదు. షెల్‌చెక్ పట్టుకుంటుంది. ప్రతి స్క్రిప్టునూ దాని గుండా పంపండి.

ఫ్రీబీఎస్‌డీ ఆర్‌సీ.కాన్ఫ్ కూడా షెల్ స్క్రిప్టే అని మరిచిపోతుంటారు. ఒక కొటేషన్ గుర్తు మూయడం మరిస్తే బూట్ దారి తప్పుతుంది. సింగిల్ యూజర్‌లోకి వెళ్లి ‘మౌంట్ -యూ /’, ఆపైన మిగతా ఫైల్‌సిస్టమ్‌లను మౌంట్ చేసి దిద్దుకోవాలి. దూరాన ఉన్న మెషీన్‌కు ఆ కన్సోల్ ఉందా లేదా అన్నది ముందే చూసుకోవాలి. ఎడిటర్‌కు బదులు ‘సిస్‌ఆర్‌సీ’ వాడితే ఈ తప్పుకు తావు లేదు. ఒకే చరరాశి రెండుచోట్ల ఉంటే చివరిదే చెల్లుతుంది. పైన ‘ఎస్’ అని, రెండు పేజీల కింద ‘నో’ అని ఉన్న ఫైళ్లకు కొదవ లేదు.

రీబూట్ తర్వాతే బయటపడే మరో తప్పు: లినక్స్‌లో /రన్ మెమరీలో ఉంటుంది, పవర్ పోతే ఖాళీ. ఇన్‌స్టాల్ చేసిన రోజు చేత్తో /రన్ కింద డైరెక్టరీ చేసి యజమానిని మార్చి ఉంటారు. నెలల తరబడి నడుస్తుంది. మొదటి రీబూట్‌కు పిడ్‌ఫైల్ రాయడానికి చోటు లేక పడిపోతుంది. యూనిట్‌లో ‘రన్‌టైమ్‌డైరెక్టరీ’ అన్న ఒక్క వరుస దీనికి మందు. ఫ్రీబీఎస్‌డీ ఆర్‌సీ.డీ పద్ధతిలో ‘స్టార్ట్_ప్రీసీఎండీ’లో ‘ఇన్‌స్టాల్ -డీ’ రాయాలి.

ఆగడం కూడా స్క్రిప్టే

మూడో ప్రశ్న దగ్గరికి వచ్చాం, ఇది ఎలా ఆగుతుంది? లేచే వరుసను తిరగేస్తే ఆగే వరుస. సిస్టమ్‌డీ ‘ఆఫ్టర్’ను అలాగే చదువుతుంది. కాబట్టి స్లీప్‌తో నెట్టుకొచ్చిన సర్వీస్ ఆగేటప్పుడు అనాథ. దానికి ముందు వెనుకలు లేవు. డేటాబేస్ ముందు పోయి, దాన్ని వాడేది పోయిన కనెక్షన్‌ను పట్టుకుని వేలాడుతుంది. నెట్‌వర్క్ దిగిపోయాక దాని మీదుగా వచ్చే ఎన్‌ఎఫ్‌ఎస్ మౌంట్‌ను విడదీయబోయి మెషీన్ బిగుసుకుంటుంది. షట్‌డౌన్‌లో ‘స్టాప్ జాబ్ నడుస్తోంది’ అంటూ 90 సెకన్లు లెక్కపెట్టే ఆ వరుసను చూడనివాళ్లుండరు. గడువును పది సెకన్లకు కుదించమని సలహాలు దొరుకుతాయి. డేటాబేస్ ఉన్న మెషీన్‌లో ఆ పని చేయకండి. నిజంగానే డిస్కుకు రాసుకుంటున్న ప్రాసెస్‌ను మధ్యలో చంపినట్టవుతుంది. ఏది ఆగడం లేదో ఆ వరుసలోనే పేరుంటుంది, దాని డిపెండెన్సీ రాయండి.

ఫ్రీబీఎస్‌డీలో ఇంకో మెలిక. ఆర్‌సీ.షట్‌డౌన్ అన్ని స్క్రిప్టులనూ పిలవదు. తలలో ‘కీవర్డ్: షట్‌డౌన్’ అని ఉన్నవాటినే పిలుస్తుంది. అది లేని స్క్రిప్టు లేచేటప్పుడు ముద్దుగా లేస్తుంది, ఆగేటప్పుడు మీరు రాసిన స్టాప్ భాగం నడవనే నడవదు. చివర్లో ఇనిట్ అందరికీ పంపే సిగ్నలే దానికి దిక్కు. డిస్కుకు ఏదైనా రాసే సర్వీస్ అయితే ఆ కీవర్డ్ తప్పనిసరి.

ఇవన్నీ అయ్యాక రీబూట్ చేయండి. ఒక్కో మార్పుకు ఒక్కోసారి, ఒకేసారి పది మార్చి కాదు. ఆ తర్వాత ‘సిస్టమ్‌డీ-అనలైజ్ బ్లేమ్’ చూడాలనిపిస్తే చూడండి గానీ, అది ఒక్కో యూనిట్ లేవడానికి తీసుకున్న సమయాన్నే చెబుతుంది, పక్కపక్కన సాగినవాటినీ విడివిడిగా లెక్కేస్తుంది. పైనున్నదే దోషి అని తేల్చేయకూడదు. ‘క్రిటికల్-చైన్’ నయం, ఎవరు ఎవరి కోసం ఆగారో గొలుసుగా చూపిస్తుంది. మొదట్లో తీసిపెట్టుకున్న లెక్కకూ ఇప్పటి లెక్కకూ డిఫ్ తీయండి. మీరు కావాలని మార్చినవి తప్ప ఇంకేమీ అందులో ఉండకూడదు. ఆపైన కిందటి బూట్ లాగ్ తీసి, సిస్టమ్‌డీలో అయితే ‘జర్నల్‌సీటీఎల్ -బీ -1’, చివరి యాభై వరుసలు చదవండి. ఎవరెవరు ఏ వరుసలో ఆగారో, ఎవరిని చంపాల్సి వచ్చిందో అక్కడ ఉంటుంది.